చిట్టిలంక వేగం ఇరవై లక్షలు

చిట్టిలంక గ్రామస్థులకూ, చుట్టుపక్కల ఊళ్ళలో ఉండి మమ్మల్ని చూసి కుళ్ళుకుంటున్న వారికీ తెలియజేయడమేమనగా, గత నెల రెండో మంగళవారం నాడు, పంచాయతీ ఆఫీసులో టీలు తాగడం పూర్తయిన తరువాత, మా ఊరి ఇంటర్నెట్టు వేగం ఇరవై లక్షల నలభై ఎనిమిది వేలకు చేరుకుంది. ముందు రోజు సాయంత్రం వరకూ అది రెండు. ఈ మధ్యలో తీగ మార్చలేదు. స్తంభం మార్చలేదు. గోడకున్న పెట్టె మార్చలేదు, దాని మీద పడుకునే పిల్లిని సైతం లేపలేదు. కొలత ఒక్కటే మార్చారు.

నేను ఈ ఊరికి కోడలినై వచ్చి ఎన్నాళ్ళో కాలేదు. ఇంత పెద్ద అభివృద్ధిని ఇంత దగ్గర నుంచి, అదీ కట్టుకున్నవాడి చేతుల మీదుగా జరుగుతుండగా చూసే అదృష్టం ఎందరు కొత్తపెళ్ళికూతుళ్ళకి దక్కుతుంది? మా పుట్టిల్లు పలివెల. అక్కడ ఏ అభివృద్ధి జరగాలన్నా ఇప్పటికీ రోడ్డు తవ్వుతారు.

చిట్టిలంక కాలవకి అవతల, కొబ్బరితోటల మధ్యన ఉంటుంది. సెల్‌ఫోను సిగ్నలు మట్టలు ఊగిన వైపు వెళ్ళిపోతుంది. అందుకని ఊరికంతటికీ పంచాయతీ ఆఫీసులోని పాత లైనే దిక్కు. అక్కడి నుంచే మా ఇంటితో సహా కొన్ని ఇళ్ళకి తీగలు లాగారు. అది టెలిఫోన్ల కాలం నాటి లైను. ఒక మనిషి ఫోనులో మాట్లాడాలంటే సెకనుకి అరవై నాలుగు వేల బిట్లు పోవాలని అప్పటి పెద్దలు లెక్క కట్టారు. బిట్టంటే మరేం లేదు, సమాచారంలో నూకగింజ. అలాంటి దారులు ముప్పై రెండింటిని కట్టగట్టి ఒక్క తీగలో పెట్టి మా ఊరికి పంపారు. ఈ కాలపు కొలతలో చెప్పుకుంటే అది రెండు మెగాబిట్లు. ఆనాడు రెండు దారులు లైను సొంత పనికి పోగా, మిగిలిన వాటి మీద ముప్పై మంది ఒకేసారి మాట్లాడుకునేవారు. ఈనాడు ఒక్కరు వీడియో చూస్తే మిగిలిన ఊరు ఎదురు చూడాలి.

నాకు మాత్రం ఆ లైనంటే ప్రాణం. సాయంత్రం పూట మావారు సురేంద్రా నేనూ అరుగు మీద కూర్చుని ఒక పాట పెట్టుకుంటే, పల్లవి అవగానే ఆగుతుంది. చరణం వచ్చేలోగా ఆయన జామకాయ కోసి ఉప్పూ కారం అద్ది పెడతారు. రెండో చరణం దాకా వెళ్ళాలంటే రెండో జామకాయ కావాలి. పెళ్ళయిన కొత్తలో అందరికీ ప్రభుత్వం ఇలాంటి లైనే ఇవ్వాలని నా అభిప్రాయం.

మా ఆడపడుచు దుర్గాశ్రీకి ఇంకా పెళ్ళి కాలేదు. ఆమెకి ఉద్యోగం వచ్చింది.

అమలాపురంలో బీకాం చదివింది. విశాఖపట్నంలోని ఒక కంపెనీవారు పరీక్ష పెట్టి తీసుకున్నారు. ఆస్పత్రికి వెళ్ళాల్సిన రోగులతో మాట్లాడి, ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళాలో, ఏ కాగితాలు పట్టుకెళ్ళాలో చెప్పాలి. ఇంటి నుంచే పని. షరతు ఒక్కటే, ఇంట్లో లైను ఇరవైకి తగ్గకూడదు. మా మామయ్యగారు సత్తియ్యగారు రొయ్యల చెరువుల మీద కాపలా చూస్తారు. ఆయన షరతు కూడా ఒక్కటే.

"ఊళ్ళో కూచుని చేసేదైతే చేసుకోమ్మా. విశాఖపట్నం అంటే మాత్రం, రాయవరం సంబంధం మాట్టాడేస్తాను."

సరిగ్గా ఆ వారంలోనే పై ఆఫీసు నుంచి సర్క్యులరు వచ్చింది. "పాత కొలతలలో నున్న టెలిఫోను లైన్ల వేగములన్నింటిని ఆధునిక కొలతలలోనికి మార్చి తక్షణమే తెలియపరచవలెను. ఇరవైకి లోబడిన గ్రామములకు కొత్త ఫైబరు లైను వేయబడును." ఇరవై అంటే ఇరవై ఏమిటో అందులో లేదు. పెద్ద ఆఫీసులు చిన్న విషయాలు రాయవు. దుర్గాశ్రీ ఆ వార్త విని, ఉద్యోగంలో కూర్చోవడానికని కుర్చీకి కొత్త నవారు అల్లుకుంది. రెండు ఇరవైకి లోబడే ఉంటుందని ఆమె నమ్మకం. బీకాం చదివింది కదా.

మావారు పంచాయతీ ఆఫీసులో కంప్యూటరు ఆపరేటరు. ఆధునిక కొలత అన్నారు కాబట్టి అన్నిటికన్నా ఆధునికమైనదే వాడాలని, మా లైనుని గిగాబిట్లలోకి మార్చి, "సున్నా పాయింట్ సున్నా సున్నా రెండు" అని వేగ నవీకరణ కమిటీ ముందు చదివారు. నేను ఆయనకి క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. కమిటీ అధ్యక్షులు ముత్యాలరాజుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"ఇదేంటి సురేంద్రా, సున్నా కొట్టేవు?"

"మొత్తం సున్నా కాదండి. చివర్న రెండుందండి."

"మధ్యలో ఇంకో రెండు సున్నాలు దేనికి?"

"గిగాబిట్లలో అంతేనండి. ఇప్పుడు అన్ని చోట్లా దాంట్లోనే చెప్తన్నారండి."

"దానికి ముందుదేదో ఉండాలే."

"మెగాబిట్లండి. అందులో అయితే రెండండి."

"రెండంటే మా దొడ్లో గేదెలు రెండు. ఊరు ఊరంతటికీ రెండంటే బాగుంటదా?"

అప్పుడు కమిటీ సభ్యులు బుల్లిరాజుగారు గొంతు సవరించుకున్నారు. ఆయన మా ప్రాంతంలో పెళ్ళిళ్ళ పేరయ్య. ఆయన ఏనాడూ అబద్ధం ఆడలేదు. కొలత మారుస్తారు, అంతే. మా సంబంధం కుదిర్చింది ఆయనే. మామయ్యగారి అర ఎకరం కొబ్బరితోటని మా నాన్నగారికి రెండువేల నాలుగు వందల ఇరవై గజాలని చెప్పారు. మావారు ఐదడుగుల ఆరంగుళాలు ఉంటారనకుండా నూట అరవై ఎనిమిది ఉంటారన్నారు. మా వీధిలో అప్పటివరకూ నూట అరవై ఎనిమిది ఉన్న అల్లుడు లేడు. నాన్నగారు ఆ అంకెని శుభలేఖలు పంచిన ప్రతి ఇంట్లోనూ చెప్పుకున్నారు. మా వైపు ఇది మోసం కిందికి రాదు, మర్యాద కిందికి వస్తుంది. పిల్లనిచ్చేవాళ్ళని అర అనే మాటతో నొప్పించకూడదు.

"ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి మనిషెందుకండీ, ఆ పెట్టే చెప్పుద్ది," అన్నారు బుల్లిరాజుగారు. "ఏం బాబూ, మెగా కన్నా చిన్నదేవైనా ఉందా?"

"కిలోబిట్లున్నాయండి. రెండువేల నలభై ఎనిమిదండి."

"అలా రా. ఇంకా కిందికి?"

"ఒట్టి బిట్లండి. ఇరవై లక్షల నలభై ఎనిమిది వేలండి."

ముత్యాలరాజుగారు మెల్లగా అడిగారు.

"అంతకన్నా చిన్నది?"

"బిట్టు కన్నా చిన్నది లేదండి."

"పర్లేదులే. దీంతోటే సర్దుకుందాం."

మావారు ధైర్యం చేసి ఒక్క సందేహం వెలిబుచ్చారు. "ఇరవైకి తక్కువున్నోళ్ళకే ఫైబరంటండి. మనం ఇరవై లక్షలని రాస్తే ఇవ్వరేమోనండి."

"రెండున్నోడికిచ్చి ఇరవై లక్షలున్నోడికి ఇవ్వరా? ఎక్కడైనా ఉన్నోడికే ఇంకా ఇస్తారు బాబూ. బ్యాంకోళ్ళని చూడు," అన్నారు బుల్లిరాజుగారు.

"ఆయ్," అన్నారు మావారు. ఆఫీసులో ఆయనకి వచ్చిన మాట అదొక్కటే. ఇంట్లో చాలా బాగా మాట్లాడతారు.

వేగం ఎంతో తేలింది గానీ, ఎంత పెరిగిందో తేలాలంటే పూర్వం ఎంత ఉండేదో తెలియాలి. టెలిఫోను రాకముందు మా ఊరికి సమాచారం టెలిగ్రాముల రూపంలో వచ్చేది. కొత్తపేట నుంచి బంట్రోతు సైకిలు మీద తెచ్చేవాడు. ఒక టెలిగ్రాములో ఇరవై మాటలు, ప్రయాణం రెండు గంటలు అనుకుని కమిటీవారు లెక్క వేయించగా, సెకనుకి బిట్టులో ఏడో వంతో ఎనిమిదో వంతో వచ్చింది. దారిలో ఆ బంట్రోతు బోండాం తాగడానికి ఆగిన సమయాన్ని కలపాలా వద్దా అన్నదాని మీద ఒక పూట చర్చ జరిగింది. కలిపితే పాత వేగం తగ్గి కొత్త వేగం మరింత శోభిస్తుందని కలిపారు. ఆ ప్రకారం చిట్టిలంక అభివృద్ధి కోటిన్నర రెట్లు. "ఆ సైకిలు మీదే మా నాన్న పోయిన కబురు పొద్దుగూకేలోగా వచ్చింది. అందరం కడసారి చూపుకి అందుకున్నాం," అని మా అత్తయ్యగారు బంగారమ్మగారు అన్నారు గానీ, ఆవిడ కమిటీలో లేరు.

పై ఆఫీసువారు ఈ అంకె చూసి పరవశించి, సన్మానానికి స్వయంగా విచ్చేశారు. శాలువాలు కప్పుకున్నాక వారిలోని పెద్ద అధికారి చేసిన ప్రసంగాన్ని నేను మరచిపోలేను.

"సోదరులారా, అభివృద్ధి అంటే తీగలు లాగడం కాదు. తీగలు ఎవడైనా లాగుతాడు. ఉన్న తీగను కొత్త చూపుతో చూడటం అభివృద్ధి. చిట్టిలంక ప్రజలు ఒక్క పలుగు ఎత్తకుండా, ఒక్క గొయ్యి తవ్వకుండా, కేవలం ఆలోచనా బలంతో దీన్ని సాధించారు. ప్రతి గ్రామమూ ఇలా తన కొలతను తాను సంస్కరించుకున్న నాడు ఈ దేశంలో కొరత అనే మాటకు చోటుండదు."

ఈ సభని కువైట్‌లో ఉన్న మా ఊరివాళ్ళ కోసం మా లైను మీదనే ప్రత్యక్ష ప్రసారం చేశారు. "సోదరులారా" అనడానికి అధికారి నోరు తెరిచిన దగ్గర బొమ్మ ఆగిపోయింది. కువైట్‌లో వాళ్ళు డ్యూటీలు మానుకుని, ఏదో చాలా పెద్ద మాట రాబోతోందని ఆ తెరిచిన నోటినే చూస్తూ కూర్చున్నారు. తరువాత ఆ బొమ్మనే పెద్దది చేయించి పంచాయతీ గోడకి తగిలించారు.

ఊరి మొదట్లో స్వాగత ద్వారం కట్టి, "వేగం 20,48,000" అని రాయించారు. పక్కన కొలత కూడా రాయబోయారు గానీ, అధ్యక్షులవారి పేరు పెద్దక్షరాల్లో రావాల్సి ఉండటంతో చోటు చాలలేదు. మంచిపని చేసినప్పుడు శత్రువులు తయారవుతారు. కాలవ దిగువన ఉన్న ఒక ఊరివాళ్ళు తమ లైనుని సెకనుకి కాక రోజుకి లెక్క కట్టి, పదిహేడు వేల కోట్ల చిల్లర అని బోర్డు పెట్టుకున్నారు. ముత్యాలరాజుగారు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. ప్రస్తుతం మావారి చేత ఏడాదికి ఎంతవుతుందో కట్టిస్తున్నారు.

ఇక ఫైబరు సంగతి. అది మా పొరుగున ఉన్న గట్టులంకకి మంజూరైంది. ఆ ఊళ్ళో ప్రెసిడెంటుకీ వైస్ ప్రెసిడెంటుకీ మాటల్లేకపోవడం వల్ల కమిటీ కూర్చోలేదు. కమిటీ కూర్చోకపోవడం వల్ల వేగం ఎంత ఉందో అంతే వెళ్ళిపోయింది, రెండు. గట్టులంకకి దారి మా ఊరి మీద నుంచే కాబట్టి కేబులు గొయ్యి మా ఇంటి గుమ్మం ముందు నుంచే తవ్వారు. నారింజ రంగు గొట్టం పామల్లే మా వాకిట్లోంచి వెళుతుంటే ఎంత ముచ్చటగా ఉందో. అత్తయ్యగారు తవ్వేవాళ్ళకి మజ్జిగ ఇచ్చి అడిగారు.

"ఇది మాకు రాదా బాబూ?"

"మీది ఇరవై లక్షల ఊరంట గదండీ. మీకెందుకండీ ఇది. ఇది లేనోళ్ళకండి," అన్నాడు వాళ్ళ మేస్త్రీ. అని, గొయ్యి పూడ్చి, మా ముగ్గు పోయినందుకు క్షమించమన్నాడు. చాలా మర్యాదస్థుడు.

దుర్గాశ్రీ ఆ సాయంత్రమే నన్ను తోడు తీసుకుని ముత్యాలరాజుగారి ఇంటికి వెళ్ళింది.

"బాబయ్యగారూ, ఒకటో తారీకుకి ఇంట్లో లైను లేకపోతే ఉద్యోగం వేరేవాళ్ళకి ఇచ్చేస్తారండి. మళ్ళీ రెండని రాసి పంపండి. మనకీ ఫైబరొస్తాది."

"ఇరవై లక్షల నించి రెండుకి దిగమంటావా? ద్వారం కట్టేం. శాలువా కప్పించుకున్నాం. ఇప్పుడు రెండంటే మొహం ఎక్కడ పెట్టుకోవాలి?"

"పాట కూడా రాదండి ఆ లైన్లో. కావాలంటే వదిన్ని అడగండి."

నేను జామకాయల సంగతి చెప్పలేక తల దించుకున్నాను.

"ఇంతకీ మీ కంపెనీవోళ్ళు ఎంతుండాలన్నారు?"

"ఇరవైయండి."

"ఓసి పిచ్చిదానా. ఇరవై అడిగితే ఇరవై లక్షలకి సర్టిఫికెట్ ఇస్తానంటే ఏడుస్తావేం? పట్టుకెళ్ళు."

సీలు వేసి, సంతకం పెట్టి ఇచ్చారు. దుర్గాశ్రీ దాన్ని కంపెనీకి పంపింది. వేరే దారి లేదు. అడుగున చిన్న అక్షరాలతో "సెకనుకి బిట్లలో" అని తనే రాసింది కూడా. ఒకటో తారీకు లోపే జవాబు వచ్చింది. కంపెనీలో అందరూ ఇంజనీర్లు. ఇరవై ఎక్కడ, ఇరవై లక్షలు ఎక్కడ. "మీ లైను మా అవసరానికి ఎన్నో రెట్లు మించి ఉన్నందుకు అభినందనలు. అంత వేగం వృథా కాకూడదు కనుక మిమ్మల్ని మాటల విభాగం నుంచి వీడియో విభాగానికి పదోన్నతిపై మార్చుతున్నాము."

మొదటి రోజు దుర్గాశ్రీ తలంటుకుని, నా పెళ్ళి చీరల్లో ఒకటి కట్టుకుని, నవారు కుర్చీలో కూర్చుంది. తెర మీద ఒక ముసలాయన ప్రత్యక్షమయ్యాడు. "అమ్మా నాకు గుం" అన్నాడు. బొమ్మ ఆగింది. గుండె నొప్పో, గుండు చేయించుకున్నాడో తెలియదు. మామయ్యగారితో సహా తలుపు దగ్గర నిలబడ్డ మేమంతా చూశాం. మళ్ళీ బొమ్మ కదిలేసరికి ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. తరువాతి ఆవిడ తనకి ఏం జబ్బో మొత్తం చెప్పింది గానీ, మాకు ఆవిడ కుడి చెయ్యి మాత్రమే కనిపించింది. మావారు పరుగెత్తుకెళ్ళి ఆఫీసులో మిగిలిన ఇళ్ళ తీగలన్నీ పీకేశారు. అప్పుడు ఎడమ చెయ్యి కూడా వచ్చింది.

రోగుల నుంచి ఫిర్యాదులు వెళ్ళాయి. అమ్మాయి అడిగినదానికి బదులు చెప్పదనీ, చెప్పినా చాలాసేపు ఆలోచిస్తుందనీ. దుర్గాశ్రీ కంపెనీ మేనేజరుకి ఫోను చేసింది. సిగ్నలు కోసం కొబ్బరితోట చివర, బోదె కాలవ గట్టు మీద నిలబడి మాట్లాడింది.

"సార్, లోపం నాది కాదండి. లైను అందట్లేదండి."

"మీ గ్రామ పంచాయతీ ఇచ్చిన సర్టిఫికెట్ నా ముందే ఉందమ్మా. మా హెడ్డాఫీసు లైను కూడా ఇందులో వెయ్యో వంతు లేదు. లైనులో లోపం ఉండే అవకాశమే లేదు. మరి లోపం ఎక్కడున్నట్టు?"

ఈ ప్రశ్నకి మా ఊరు వెంటనే సమాధానం కనిపెట్టింది. కుళాయి దగ్గర రమణమ్మగారు నాతో రహస్యంగా అన్నారు. "మీ ఆడబడుచు మంచి పిల్లేనమ్మా, కాదన్ను. కానీ అంత లైనిచ్చినా అందుకోలేకపోయిందంటే, మరి కొంచెం మందవేమో." బుల్లిరాజుగారు ప్రత్యేకంగా ఇంటికి వచ్చి, రాయవరంవారు వెనకాడుతున్నారని బాధపడ్డారు. పిల్ల నెమ్మదని వాళ్ళ దాకా వెళ్ళిందట. నెమ్మదితనాన్ని చిన్న కొలతలో చెప్తే ఇంకా పెరుగుతుంది కాబట్టి ఆయన విద్య కూడా ఇక్కడ పనిచేయలేదు.

తొలగింపు ఉత్తర్వు శుక్రవారం వచ్చింది. "తగినంత వేగము కనబరచనందున" అని కారణం రాశారు. పొద్దున్న పంపిన ఆ ఒక్క పేజీ మా తెర మీదికి పూర్తిగా దిగేసరికి అత్తయ్యగారు వంట ముగించి, విస్తళ్ళు వేసేశారు. పేజీ పైనుంచి కిందికి, గీత గీతగా వచ్చింది. ముందు కంపెనీ పేరు, తరువాత దుర్గాశ్రీ పేరు, చివర సంతకం. దుర్గాశ్రీ అంతా వచ్చేదాకా కదలకుండా కూర్చుని చదివి, లేచి వెళ్ళి కాళ్ళు కడుక్కుంది.

మామయ్యగారు చెరువు మీద నుంచి వచ్చారు. మావారు విషయం చెప్పారు. ఆయన కోప్పడలేదు. కూతురి పక్కన కూర్చుని, తన విస్తట్లో చేపముక్క తీసి ఆమెకి వేశారు.

"పోన్లేమ్మా. చిన్నప్పటినించీ నువ్వు కొంచెం నిదానవే. ఎవరి తత్వం వాళ్ళది."

"నేను నిదానం కాదు నాన్నా. లైను ఆగిపోయేది. నువ్వూ చూసేవు కదా, తలుపు దగ్గర నిలబడి."

"చూసేనమ్మా."

"మరి?"

మామయ్యగారు చాలాసేపు ఆలోచించారు. నిజంగానే చూశారాయన. ఆగిన ముసలాయన్నీ, ఒంటి చెయ్యినీ, చెమటలు పట్టిన కూతురినీ, అన్నిటినీ తన కళ్ళతో చూశారు.

"ఇరవై లక్షలమ్మా," అన్నారు చివరికి. "సీలేసిచ్చేరు."

దుర్గాశ్రీ చేపముక్కలోని ముళ్ళు తీసుకుని అన్నం తింది.

మామయ్యగారిని అపార్థం చేసుకోకండి. కూతురంటే ప్రాణం ఆయనకి. చదువుకున్నవారు, లోకం చూసినవారు, రేపు మీ అమ్మాయి బడి నుంచో ఆఫీసు నుంచో వచ్చి, తప్పు నాది కాదని చెబితే, మీరూ ఆమె మొహం చూస్తారు. చూసి, కాగితం ఏదీ అని అడుగుతారు. మామయ్యగారు చాలా మంచివారు. మీరూ అంతే మంచివారని నా నమ్మకం.